నీళ్ళు పట్టి చూడని ట్యాంకు

నా షెడ్డులో కొత్తగా కొన్న యంత్రం ఒక్కటీ లేదు. వచ్చినవాళ్ళందరికీ ఈ మాట చెప్పుకోవడం నాకు అలవాటు, వాళ్ళు అడిగినా అడగకపోయినా. బేరింగులు ఒత్తే ప్రెస్సును పాత లారీ ఛాసిస్ కమ్ములతో, ఒక బస్సు జాకీతో చేశాను. కడ్డీలు కోసే రంపాన్ని తిప్పేది మూలపడ్డ పవర్‌లూమ్ చక్రం. మదనపల్లెలో మగ్గాలకు కొదవ లేదు, మూలపడ్డ మగ్గాలకు అసలే లేదు. సానరాయికి వాషింగ్ మెషిన్ మోటారు బిగించాను. సుత్తి దెబ్బలు కాసే దాగలి రైలు పట్టా ముక్క. అది నా దగ్గరికి ఎట్లా వచ్చిందో మాత్రం అడక్కండి.

పక్కనున్న అంగళ్లు ఊరి కాలేజీ నుంచి ఇంజనీరింగు పిల్లలు ప్రాజెక్టుల కోసం వస్తుంటారు. యంత్రం నేను చేస్తాను, మార్కులు వాళ్ళకొస్తాయి. పద్నాలుగో నంబరు స్పానరు ఇమ్మంటే పన్నెండోది అందించే వాళ్ళను నాలుగు మాటలు అనకపోతే నాకు ఆ రోజు తిన్నది అరిగేది కాదు. ఒకమ్మాయి ఒకసారి నేను చేస్తున్న గాలి ట్యాంకు చూసి, "దీని మందమెంతుంది సార్?" అని అడిగింది. "సరిపోయేంత ఉంది" అన్నాను. పక్కనున్న పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ట్యాంకు కుప్పంలో ఉన్న నా చెల్లెలి కోసం. ఇది ఐదేళ్ళ కిందటి సంగతి. ఆమె భర్త అక్కడి గ్రానైటు ఫ్యాక్టరీలో రాళ్ళు కోసే మిషను దగ్గర పని చేసేవాడు. ఒక రోజు పలకరాయి జారి పాదం మీద పడింది. కాలు నిలిచింది గానీ పొద్దస్తమానం నిలబడే పని ఇక చేతకాదని తేలిపోయింది. కృష్ణగిరి పోయే రోడ్డు పక్కనే ఇల్లు కాబట్టి, ముందు గదిని పంచర్లు వేసే అంగడి చేసుకుందామనుకున్నారు. రాళ్ళ లారీలు రాత్రింబగళ్ళు తిరిగే రోడ్డది. కావలసిందల్లా గాలి పట్టే కంప్రెసర్. కొత్తది కొనే తాహతు వాళ్ళకు లేదు. నేనుండగా కొనడమేమిటని నేనే అడ్డం పడ్డాను.

మోటారు ఒక పిండిమర నుంచి దొరికింది. గాలి నొక్కే తలకాయ పాత ట్రాక్టరుది. ట్యాంకు మాత్రం పుంగనూరులో నేనెప్పుడూ సరుకు ఏరుకునే పాత ఇనుము అంగట్లో దొరికింది. బోర్లు వేసే లారీ మీద ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైన ట్యాంకది. పెద్దతిప్పసముద్రం వైపు ఎన్ని వందల అడుగులు తవ్వి దుమ్ము చూసొచ్చిందో ఏమో. తెచ్చి, పైన తుప్పు గీకి, మూత విప్పి లోపలికి టార్చి వేసి చూశాను.

అడుగు భాగమంతా గుంటలు, అమ్మవారు పోసిన మొహంలా ఉంది. ఒక చోట గీతలు గీసే సూదిని నొక్కితే మొన లోపలికి దిగబడింది. ఆ మేరకు బయటి నుంచి మంచి రేకు అతుకు వేశాను. నా వెల్డింగుకు వంక పెట్టేవాడు మదనపల్లెలో లేడు, ఇప్పటికీ ఆ మాట అంటాను. అతుకు మీద నాకు నమ్మకముంది. అతుకు చుట్టూ ఉన్న ఇనుము మీద లేదు. దాని మీద నీలం పెయింటు మూడు పూతలు కొట్టాను. పైన పటారం, లోన లొటారం అంటారే, సరిగ్గా అదే.

అలాంటి ట్యాంకుకు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. గాలి పట్టే ముందు దాన్ని నిండా నీళ్ళతో నింపాలి. చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించాలి, రోజూ పనికి ఎంత కావాలో దానికి ఒకటిన్నర రెట్లు. ఒక పూటంతా అట్లాగే ఉంచాలి. పగిలే ట్యాంకు ఆ నీళ్ళలోనే పగులుతుంది, మన పంచె తడుస్తుంది, అంతటితో సరి. అదే గాలితో పగిలితే గోడలు లేచిపోతాయి. ఇది నాకు పని నేర్పిన మేస్త్రీ చెంపదెబ్బతో సహా నేర్పిన పాఠం. మంగళవారం నీళ్ళు పట్టి, బుధవారం ఎండబెట్టి పంపుదామని అనుకున్నాను.

అంగడి తెరవడానికి గురువారం విదియ పొద్దున ముహూర్తం పెట్టించుకున్నామని చెల్లెలు ఆదివారం రాత్రి ఫోన్ చేసింది. నాతో ఉంటున్న మా అమ్మ క్యాలెండరు అందుకుంది.

"మంగళవారమూ అమావాస్యా ఒకే దినం వచ్చినాయి. ఆ పొద్దు ఇనుము గడప దాటకూడదు" అంది.

"బుధవారం పంపుతాలేమ్మా."

"ఆ పొద్దు పాడ్యమి. పాడ్యమి నాడు కొత్త సామాను ఎవురన్నా ఎత్తుకొని పోతారా?"

"అయితే సోమవారమే పంపాల."

"పంపు. ఎవురొద్దన్నారు?"

కుప్పంలో మా చెల్లెలి పక్కింటి అరవాయన అమావాస్య నాడే కిరాణా అంగడి తెరిచాడు. వాళ్ళకది మంచి రోజు. ఆ మాట గుర్తు చేస్తే అమ్మ, "వాళ్ళ అమావాస్య వాళ్ళది, మన అమావాస్య మనది" అని క్యాలెండరు మేకుకు తగిలించేసింది.

సోమవారం మధ్యాహ్నం ట్యాంకును మినీ లారీ ఎక్కించాను. పెయింటు ఇంకా చేతికి అంటుకుంటోంది. ఈ పాపం అమ్మ నెత్తిన వేసే ఉద్దేశం నాకు లేదు. నీళ్ళు పట్టి చూడాలి, చూడకపోతే ప్రమాదం అని ఒక్క మాట చెప్పుంటే ఆమే ముహూర్తం మార్పించేది. నేను చెప్పలేదు. నిజం ఒప్పుకోవాలంటే ఆ తిథులు నాకు కలిసొచ్చాయి. పరీక్షలో అది పగిలితే కొత్త ట్యాంకు వెతకాలి, చెల్లెలికి మాట తప్పాలి, నేనుండగా కొనడమేమిటన్న నోటితోనే కొనుక్కోమని చెప్పాలి. అక్కడికి పోయాక తీరిగ్గా చూద్దాంలే అనుకున్నాను.

గురువారం పొద్దున కొబ్బరికాయ కొట్టి స్విచ్ వేశారు. ట్యాంకు నిండింది, మొదటి లారీకి గాలి పట్టింది. చుట్టాలందరి ముందు చెల్లెలి భర్త, మా బావమరిది, నా చేతులు పట్టుకొని, "మా కడుపు నింపినావు బావా" అన్నాడు. అంత మాట అన్నాక ఆపి, విప్పి, నీళ్ళు పట్టి చూస్తానని ఎట్లా అంటాను? ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాను. గాలిలో తేమ ఉంటుంది, అది ట్యాంకు అడుగున నీరై చేరుతుంది, కాబట్టి రోజూ సాయంత్రం అడుగునున్న చిన్న కుళాయి తిప్పి ఆ నీళ్ళు వదిలేయమన్నాను. సరేనని తలూపాడు.

ఐదేళ్ళు గడిచాయి. అంగడి బాగానే నడిచింది. వెనక గదికి స్లాబు వేసుకున్నారు. నేను ఏడాదికి రెండు మూడు సార్లు పోయేవాణ్ణి. పోయిన ప్రతిసారీ ట్యాంకు వైపు ఒక చూపు చూసేవాణ్ణి, ఈసారి చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. ఈలోగా ఎవరో ఒకరు లారీ దిగి, "ఇది మీరే చేసినారంట గదన్నా" అనేవాళ్ళు. అవునని, మోటారు ఎక్కడిది, తలకాయ ఎక్కడిది అంతా వివరంగా చెప్పేవాణ్ణి. ట్యాంకు ఎక్కడిదో మాత్రం చెప్పేవాణ్ణి కాదు. మళ్ళీ బస్సెక్కి మదనపల్లె వచ్చేసేవాణ్ణి.

పోయిన నెలలో పుంగనూరు పాత ఇనుము అంగడికి వెళ్ళాను. నాకు ఒక పైపు వంచే మిషను చేసుకోవాలని ఉండింది, దానికి గట్టి ఇరుసు కావాలి. ఇరుసుల కుప్ప పక్కన ఒక గాలి ట్యాంకు పడుంది. దాన్ని ట్యాంకు అనడానికి లేదు. నిలువునా చీలి, రేకు రెండు వైపులకూ విచ్చుకుపోయింది. అంగడాయన తూకం వేస్తూనే చెప్పాడు.

"పెద్దపంజాణి పక్కనుంచి వచ్చిందప్పా. పంచరంగడిది. ముసలాయన గాలి పడతా పక్కనే నిలబడుండాడంట."

"ఉండాడా?"

"యాడుండాడు. ఆ పొద్దే పాయ." ఇంకో ముక్క కాటాలో వేసి, "ఎవుడు చేసిచ్చినాడో మహానుబావుడు" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నేను కాదప్పా" అన్నాను. ఆయన విచిత్రంగా చూశాడు. నిన్నెవరు అన్నారని ఆయన అడగలేదు, నాకే మొహం వేడెక్కింది.

వంగి ఆ రేకును వేళ్ళతో పట్టుకొని చూశాను. పైభాగం మందంగానే ఉంది. నీళ్ళు నిలిచే అడుగు భాగం దగ్గరికి వచ్చేసరికి పోస్టుకార్డంత ఉంది. లోపల అవే గుంటలు. ఇరుసు సంగతి మర్చిపోయి అంగడి బయట రాయి మీద కూర్చొని చెల్లెలికి ఫోన్ చేశాను. అప్పుడు మధ్యాహ్నం దాటింది.

"ఏమన్నా, ఈ యాళప్పుడు చేసినావు?" అంది. వెనకాల కంప్రెసర్ చప్పుడు వినిపిస్తోంది. అది నా చేతుల్లో పుట్టిన చప్పుడు, ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాను.

దాన్ని ఆపేయమని చెప్పాలి. రెండే మాటలు. ఆపితే ఎందుకని అడుగుతుంది, ఎందుకో చెప్పాలి. ఫోన్‌లో చెప్పే సంగతి కాదు ఇది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"ఊరికేనమ్మా. రేపు వస్తాండాను" అన్నాను.

"రా అన్నా. అన్నం వండి పెడతా" అని పెట్టేసింది.

మర్నాడు చేతిపంపు, గేజు, నాలుగు స్పానర్లు గోనెసంచిలో వేసుకొని మొదటి బస్సెక్కాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి బాగా పొద్దెక్కింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఇప్పుడు బావమరిది అంగడి తెరిచుంటాడు, ఇప్పుడు స్విచ్ వేసుంటాడు, ఇప్పుడు ట్యాంకు నిండుతుంటుంది. జేబులో ఫోన్ ఉంది. బస్సు దిగేవరకు దాన్ని తీయలేదు.

పోయేసరికి మా బావమరిది ఒక రాళ్ళ లారీ టైరుకు గాలి పడుతున్నాడు. నొప్పికాలికి ఆసరాగా వీపు ట్యాంకుకు ఆనించి నిలబడ్డాడు. నేను పలకరించకుండానే లోపలికి పోయి స్విచ్ ఆపేసి, ట్యాంకులో గాలంతా వదిలేశాను.

"ఏం బావా, బండి నిలబడుండాది" అన్నాడు.

"దీనికి సర్వీసు చేయాలప్పా. శానా దినాలాయ" అన్నాను. అప్పటికీ అబద్ధమే.

అడుగునున్న కుళాయి విప్పుదామని కింద కూర్చున్నాను. దాని నోటికి సిమెంటు లాంటి ముద్ద ఏదో పెట్టి గట్టిగా మూసేశారు.

"ఇదేందప్పా?"

"అది బొట్టుబొట్టు కారతానే ఉండె బావా. అంగట్లో కుళాయి కారితే లచ్చిమి నిలబడదని మా పెద్దమ్మ ఒకటే పోరు పెట్టింది. మూసేసినాము."

"ఎప్పుడు?"

"మూడేండ్లుంటాది."

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణంలో నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు మోయడానికి ఇంకో మనిషి దొరికాడు. "రోజూ నీళ్ళు వదలమని చిలక్కు చెప్పినట్టు చెప్పినానే. లచ్చిమి గాదు, అందరూ పోయుంటారు" అని అరిచాను. అతను తల దించుకున్నాడు. నా అరుపుకు చెల్లెలు ఇంట్లోంచి అంగట్లోకి వచ్చి గోడ పక్కన నిలబడింది.

ఉలితో ఆ ముద్ద పగలగొట్టి కుళాయి విప్పాను. ఎర్రటి తుప్పునీళ్ళు, రాగి అంబలంత చిక్కగా, అర బకెట్టు దిగాయి. కుళాయి మూసి, ఒత్తిడి మించితే తనంతట తానే తెరుచుకొని గాలి వదిలేసే సేఫ్టీ వాల్వు విప్పి ఆ బొక్కకు బిరడా బిగించి, ట్యాంకును నిండా నీళ్ళతో నింపాను. గేజు పెట్టి చేతిపంపు కొట్టడం మొదలుపెట్టాను. లారీ డ్రైవరు కూడా దిగొచ్చి చూస్తున్నాడు.

గేజు ముల్లు ఎనభై పౌండ్లు దాటింది, వంద దాటింది. నూట ఇరవై దగ్గర మా బావమరిది వేలు పెట్టి చూపించాడు.

"మేము దినామూ ఇంతకే ఆపేస్తాము బావా. సూడు, ఏమీ కాలేదు."

నేను ఇంకొన్ని దెబ్బలు కొట్టాను. నూట పాతిక. అతుకు చెక్కుచెదరలేదు. దాని పక్కన, వేలెడు దూరంలో, పెయింటు మీద చెమట పట్టినట్టు తడి కనిపించింది. నూట ముప్పై దగ్గర టప్పుమంది. జానెడు చీలిక తెరుచుకొని నీళ్ళు మా కాళ్ళ మీద చిమ్మాయి. ముల్లు సున్నాకు పడిపోయింది. డ్రైవరు లుంగీ పైకెత్తుకొని నవ్వాడు.

మా బావమరిది నవ్వలేదు. ఆ చీలిక ఎక్కడుందో చూశాడు, తను రోజూ వీపు ఆనించి నిలబడే చోటు చూశాడు. తర్వాత నేను విప్పిన సేఫ్టీ వాల్వు చేతిలోకి తీసుకొని, "ఇది ఎంతకు తెరుసుకుంటాది బావా?" అన్నాడు.

"నూట యాభైకి."

అతనికి అర్థమైంది. అది తెరుచుకునే లోపల అంతా అయిపోయేది. అయినా చల్లగా, నన్ను ఓదార్చే గొంతుతో అన్నాడు: "పోనీలే బావా. లోపలుండే తుప్పు ఎవురికి కనపడతాది? నువ్వు నీళ్ళు వదలమంటే మేమే గదా మూసుకునింది. తప్పు మాదే."

నేను తలూపితే చాలు. అంతటితో సంగతి ముగిసిపోయేది. చెల్లెలు పొరక తెచ్చి అంగట్లో నీళ్ళు బయటికి ఊడుస్తోంది. నేను తలూపబోయాను కూడా. కానీ అతను తన తుండు తీసి నా కాళ్ళు తుడవడానికి వంగాడు. అది చూడలేకపోయాను.

"మీది కాదప్పా. మీరు మూసుకోకపోయినా దీన్ని నమ్మేదానికి లేదు" అన్నాను. "చేసే పొద్దే టార్చి ఏసి సూసినా. అడుగంతా తినేసుండాది. అతుకేసి, రంగేసి పంపినా. పంపే ముందర ఇట్ల నీళ్ళు పట్టి సూడల్ల. సూడలేదు."

పొరక ఆగింది. చెల్లెలు నా వైపు తిరిగింది.

"నిన్న ఫోను చేసినావే. అది దీనికేనా?"

"దీనికేనమ్మా. ఇట్లాంటి ట్యాంకే పగిలి ఒకాయన సచ్చిపోయినాడు. ఆ రేకు సూసి ఫోను చేసినా. నోరు రాలేదు."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. భర్త వైపు ఒకసారి చూసి, మామూలు గొంతుతోనే అంది.

"నిన్న నువ్వు ఫోను చేసినాక పొద్దుగుంకే లోపల ఆరు లారీలకు గాలి పట్టినాడన్నా."

ఆ మాట చెప్పి మళ్ళీ నీళ్ళు ఊడవడం మొదలుపెట్టింది.